జిగురు గీతలు

మా చెల్లెలు మాట్లాడుతుంటే ఎదుటివాళ్ళు కళ్ళార్పరు. అది తన గొప్పతనమని ఆమె అనుకుంటుంది. కళ్ళు మూతపడితే మళ్ళీ తెరుచుకోవేమోనని వాళ్ళ భయమని నేను అనుకుంటాను. చిన్నపిల్లలకు బొమ్మలు గీయడం, రంగులు వేయడం ఎంత మంచిదో తల్లిదండ్రులకు చెప్పడం ఆమె వృత్తి. సెలవు రోజొస్తే చాలు, ఏదో ఒక బడి హాల్లో మైకు పట్టుకుంటుంది. వేళ్ళకు బలం వస్తుందంటుంది. కంటికీ చేతికీ పొందిక కుదురుతుందంటుంది. ఓపిక, రంగుల పేర్లు, రేపు అక్షరాలు దిద్దుకోవడానికి పునాది, నోటితో చెప్పలేనిది కాగితం మీద చెప్పుకునే దారి, అన్నీ ఒక్క క్రేయాన్ ముక్కలోంచి తీసి చూపిస్తుంది. ఇందులో ఒక్కటీ అబద్ధం కాదు. నాకు ఒళ్ళు మండేది అందుకే. అబద్ధాలైతే ఎప్పుడో నిలదీసి ఉండేదాన్ని.

నేను నీళ్ళ సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల కౌంటర్లో కూర్చుంటాను. కుళాయి రాలేదని ఒకరు, వచ్చి ఆగలేదని ఒకరు, పక్కింటివాళ్ళకు ఎక్కువ వస్తోందని ఒకరు. ఎవరిది అసలు బాధో, ఎవరిది వట్టి నసో మొదటి మాటకే పట్టేస్తానని నాకో పొగరు ఉండేది. ఆ పొగరు ఏమైందో చెప్పడానికే ఇదంతా.

మేం ఒకే ఇంట్లో ఉంటాం. కింది వాటాలో చెల్లెలు, మరిది, వాళ్ళ నాలుగేళ్ళ కూతురు. పై వాటాలో నేను. పిల్లకు పెట్టిన పేరు వేరే ఉంది. చిటికెడంత పుట్టిందని నేను చిటికె అన్నాను, అదే నిలిచిపోయింది. మరిది మంచివాడు. ఇంట్లో ఏ గొడవ వచ్చినా ఫోన్లోంచి తలెత్తి, "మీరిద్దరూ చెప్పింది నిజమే" అని మళ్ళీ తల దించుకుంటాడు.

కింది వాటాలో కిటికీ పక్కన మా చెల్లెలు చిటికె కోసం ఒక మూల సర్దింది. పొట్టి బల్ల, పొట్టి కుర్చీ, గోడకు తగిలించిన చిన్న ఏప్రాన్. క్రేయాన్లు ముదురు నుంచి లేతకు వరసగా పేర్చిన పెట్టె. ఆ వరస తప్పకూడదు. పిల్ల గీతలు గీసే చోటని చూపించి ఫోటోలు తీసుకోవడానికి అంతకంటే మంచి మూల ఇంకోటి ఉండదు. పిల్ల గీసుకోవడానికి మాత్రం అక్కడ చోటు లేదు.

కూర్చోగానే మొదలయ్యేది. మెడ నిటారుగా. క్రేయాన్ మూడు వేళ్ళతో. ఎడమ నుంచి కుడికి. చిటికె మెడ నిటారుగా ఉండేది కాదు. ముక్కు కాగితానికి తగిలేంతగా వంగిపోయేది. మా చెల్లెలు నుదుటి మీద అరచెయ్యి పెట్టి వెనక్కి నెట్టేది. పిల్ల మళ్ళీ వంగేది. ఈలోగా రంగు గీత దాటేది. ఆపిల్ ఎరుపు బల్ల దాకా వెళ్ళేది, చేప నీలం చేపను వదిలేసి ఒడ్డెక్కేది. అందరి పిల్లలూ దాటుతారు. ఆమె పిల్ల దాటకూడదు. ఊరంతటికీ రంగులు నేర్పే మనిషి ఇంట్లో చేప నీళ్ళలోంచి బయటికి వస్తే ఎంత నామోషీ.

చిటికెకు ఇష్టమైనది గీతల్లేని తెల్ల కాగితం. అది దొరికితే పెద్ద పెద్ద గుండ్రాలు చుట్టేసి, నా దగ్గరికి మెట్లెక్కి వచ్చి, ఒళ్ళో కూర్చుని ఒక్కోటీ చెప్పేది. ఇది నాన్న, ఇది బస్సు, ఇది నువ్వు. చెబుతూ చెబుతూ నా గడ్డం మీది పుట్టుమచ్చను వేలితో రుద్దుతూ ఉండేది. నా గుండ్రానికీ బస్సు గుండ్రానికీ తేడా ఏమిటో నాకు ఎప్పుడూ తెలియలేదు గాని, ఆ పిల్లకు తెలుసు. అడిగిన ప్రతిసారీ తడుముకోకుండా అదే చెప్పేది. అంత సంతోషంగా మాట్లాడే పిల్లను నేను ఇంకెక్కడా చూడలేదు.

ఒకరోజు ఒక గుండ్రం చూపించి అమ్మ అంది. మా చెల్లెలు మురిసిపోయి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. కూర్చోగానే టీచరైపోయింది. కళ్ళేవి, ముక్కేది, నోరేది అని వరసగా అడిగింది. చిటికె కాగితం వంక చూసింది, తల్లి వంక చూసింది.

"అమ్మకి కళ్ళు లేవు" అంది.

నేను పగలబడి నవ్వాను. అంత సూటిగా నేను కూడా ఎప్పుడూ అనలేకపోయాను మరి. పిల్లను ఒక్కసారైనా నిదానంగా చూడని తల్లికి కళ్ళెందుకని, పిల్ల సరిగ్గానే గీసిందని వెటకారం చేశాను. మా చెల్లెలి మొహం మాడిపోయింది. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. పిల్లకు తన మీద కోపం ఉందని, అది బొమ్మలో బయటపడిందని, ఏవేవో పుస్తకాలు తిరగేసి తేల్చింది. మరిది మా ఇద్దరితోనూ ఏకీభవించాడు.

ఆ తర్వాతే జిగురు వచ్చింది.

పొద్దున్నే పిల్ల లేవకముందు మా చెల్లెలు అచ్చు బొమ్మల కాగితాలు ముందేసుకుని, సన్నటి మూతి ఉన్న సీసాతో గీతల మీద జిగురు పోసుకుంటూ వెళ్ళేది. ఎండిపోతే జిగురు కంటికి కనబడదు. వేలికి మాత్రం చిన్న గట్టులా తగులుతుంది. క్రేయాన్ ఆ గట్టు దాకా వెళ్ళి ఆగిపోతుంది. చిటికె ఎడమచేతి చూపుడువేలు గట్టు మీద పెట్టి, కుడిచేత్తో దాని పక్కనే రంగు వేసుకుంటూ వెళ్ళేది. మెడ వంచాల్సిన పని కూడా లేకపోయింది. చేప చేపలోనే ఉంది, ఆపిల్ ఆపిల్‌లోనే ఉంది. మూలన ఫోటోలు తీశారు, నాలుగు చోట్లకీ పంపారు. ఎంత ముచ్చటగా వేసిందో అని అందరూ మెచ్చుకున్నారు.

నేను అడిగాను, ఇది మోసం కాదా అని. కాదట. పద్ధతి అట. చేతికి అలవాటు పడ్డాక జిగురు మెల్లగా మానేస్తుందట. వేలితో తడమడం స్పర్శ ద్వారా నేర్చుకోవడం అట. నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. పిల్ల చేతికి పట్టాలు వేసి, బండి ఎంత తిన్నగా నడుస్తోందో చూడండని చప్పట్లు కొట్టించుకోవడం ఏం పద్ధతి? అదే మాట అన్నాను. నీకు పిల్లలుంటే తెలిసేదని చెల్లెలు అంది. నేను పైకి వెళ్ళి తలుపేసుకున్నాను.

చిటికె మెట్లెక్కి రావడం తగ్గింది. తెల్ల కాగితాలు ఇంట్లో కనబడకుండా పోయాయి. క్రేయాన్ల పెట్టె మూత చప్పుడైతే బల్ల కిందికి దూరేది. తీసుకొచ్చి కూర్చోబెడితే వేలు గట్టు మీద పెట్టి, ఎటో చూస్తూ, రంగు నింపేసి లేచిపోయేది. ఇది ఎవరు, అది ఏమిటి అని అడిగితే జవాబు లేదు. గుండ్రాలతో పాటు కబుర్లు కూడా ఆగిపోయాయి. చెల్లెలికి అది ఏకాగ్రతలా కనబడింది. నాకు పిల్లను చూస్తే ఏడుపొచ్చేది.

అప్పుడు ఒక పెద్ద బడివాళ్ళు పిలిచారు. వాళ్ళకు చాలా శాఖలున్నాయి. అన్నింటిలోనూ చిన్నపిల్లల బొమ్మల క్లాసుల బాధ్యత మా చెల్లెలికే ఇద్దామనుకుంటున్నారు. ముందు ఒక సభ. తల్లిదండ్రులందరూ వస్తారు. ఆమె మాట్లాడాలి, తర్వాత పిల్లను కూర్చోబెట్టి అందరి ముందూ రంగులు వేయించి చూపాలి. అది బాగా జరిగితే ఉద్యోగం ఖాయం. చిటికెను తీసుకెళ్ళొద్దని నేను బతిమాలాను. బల్ల కింద దాక్కునే పిల్లను స్టేజీ ఎక్కించి ఏం చూపిస్తావన్నాను. తన బతుకు బాగుపడే రోజున కూడా అడ్డు పడుతున్నానని చెల్లెలు ఏడ్చింది. మరిదికి మా ఇద్దరి బాధా అర్థమైందట.

సభ రోజున నేనూ వెళ్ళాను. పిల్ల చెయ్యి పట్టుకుని మొదటి వరసలో మరిది పక్కన కూర్చున్నాను. హాలు నిండా కుర్చీలు, కుర్చీల నిండా చంటివాళ్ళను ఒళ్ళో పెట్టుకున్న తల్లిదండ్రులు. స్టేజీ మీద పొట్టి బల్ల, పొట్టి కుర్చీ. మా చెల్లెలు ఇస్త్రీ మడత నలగకుండా నిలబడి మొదలుపెట్టింది. నాకు ఇష్టం లేకపోయినా చెబుతున్నాను, బాగా మాట్లాడింది. పిల్ల గీసిన ప్రతి గీతా మనకు ఏదో చెబుతుందని, దాన్ని దిద్దడం కాదు, చదవడం నేర్చుకోవాలని చెప్పినప్పుడు నా వెనక ఎవరో ముక్కు చీదుకున్నారు. నేను నవ్వాపుకోలేక దగ్గాను.

అసలు ఘట్టం వచ్చింది. చెల్లెలు సంచీలోంచి తన కాగితాల కవరు తీయబోయింది. జిగురు ఎండిన చేప అందులో ఉంది. ఇంతలో ఆ బడి ప్రిన్సిపల్ నవ్వుతూ స్టేజీ ఎక్కి, ఈ సభ కోసమే ప్రత్యేకంగా అచ్చు వేయించామని కొత్త కాగితం ఒకటి బల్ల మీద పెట్టింది. సీతాకోకచిలుక. సన్నటి, నాజూకైన గీతలు. చెల్లెలి చెయ్యి సంచీలోనే ఆగిపోయింది. ఏమని వద్దంటుంది? నా దాంట్లో జిగురుందండీ అనాలి. అనలేదు. చిటికెను పిలిచింది.

నాకు లోపల సంతోషం వేసింది. దాచడమెందుకు, ఇవాళ పట్టాలు లేవు, బండి ఎటు పోతుందో చూద్దామని గట్టిగా కూర్చున్నాను.

చిటికె కుర్చీలో కూర్చుంది. కుడిచేత్తో పసుపు రంగు తీసుకుంది. ఎడమచేతి వేలు కాగితం మీద పెట్టి జరిపింది. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా జరిపింది. మళ్ళీ పైనుంచి కిందికి. ఆగి, కాగితం తిరగేసి వెనకవైపు తడిమింది. మళ్ళీ ఇటు తిప్పింది. ముక్కు ఆనేలా వంగింది. అందరూ ముచ్చటగా చూస్తున్నారు. తర్వాత తలెత్తి తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, ఇందులో బొమ్మ లేదు."

హాలంతా నవ్వింది. చెల్లెలు కూడా నవ్వి, చూశారా ఎంత ఊహాశక్తో అని మైకులో అంది. తర్వాత వంగి, మైకు చేతిలోనే ఉందన్న సంగతి మరిచిపోయి, నాటకాలు ఆడకు, అంత పెద్ద సీతాకోకచిలుక కనబడట్లేదా అని పళ్ళ మధ్య నుంచి అంది. అది అందరికీ వినబడింది. పిల్ల చెప్పింది కూడా అందరికీ వినబడింది.

"నా చేతికి తగలట్లేదమ్మా."

హాల్లో ఎవరికీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. నేను కుర్చీలోంచి ఎలా లేచానో, స్టేజీ ఎలా ఎక్కానో తెలియదు. పిల్లను ఎత్తుకుని పక్క తలుపులోంచి వరండాలోకి వచ్చేశాను. నా వెనక మా చెల్లెలు గొంతు సవరించుకుని తర్వాతి స్లైడు వేయించింది. కంటికీ చేతికీ పొందిక గురించి.

వరండాలో పిల్లను బెంచీ మీద నిలబెట్టి, నా గడ్డం మీది పుట్టుమచ్చ ఎటువైపుందో చూపించమన్నాను. రోజూ రుద్దే పుట్టుమచ్చ. చిటికె నా మొహంలోకి చూసింది. చూసి చూసి, ఉండు పెద్దమ్మా అని చెయ్యి చాపి, నా చెంపంతా తడుముకుంటూ వచ్చి, వేలికి అందగానే ఇదిగో అని నవ్వింది. నేను అడుగు వెనక్కి వేసి, వేళ్ళు చూపించి ఎన్ని అని అడిగాను. నీ చెయ్యి అంది. వేళ్ళు ఎన్ని అని అడిగాను. చెయ్యి, అంది మళ్ళీ, నాకే తెలియట్లేదన్నట్టు.

అమ్మకి కళ్ళు లేవు. ఆ పిల్ల నాకు ఇంత స్పష్టంగా ఫిర్యాదు ఇచ్చింది. నేను చెల్లెల్ని దెప్పడానికి వాడుకున్నాను. చెల్లెలు తన మనసు నొచ్చుకోవడానికి వాడుకుంది. నాలుగేళ్ళ పిల్ల తనకు కనబడింది కనబడినట్టు చెబితే, చదువుకున్న ఇద్దరు ఆడవాళ్ళం అందులో మా గురించి ఏముందో వెతుక్కున్నాం. కౌంటర్ వెనక కూర్చునే నా పొగరు ఆ బెంచీ దగ్గరే పోయింది.

సభ అయ్యాక చెల్లెలు మండిపడుతూ వచ్చింది. ప్రిన్సిపల్ చూద్దాం అందట. అంటే లేదనే అర్థం. పిల్ల తన పరువు తీసిందని, నేను వెనకేసుకొస్తున్నానని మొదలుపెట్టింది. పిల్లకు చూపు ఆనట్లేదని చెప్పాను. వినలేదు. తన కూతురి కళ్ళు తనకు తెలియవా అంది, రంగులన్నీ టకటకా చెబుతుంది కదా అంది. రంగుకు గీత అక్కర్లేదని, ఎంత మసకలోనైనా ఎరుపు ఎరుపేనని చెప్పాను. మరిది ఫోన్లోంచి తలెత్తాడు. ఏం అనబోతున్నాడో నాకు తెలుసు.

"ఈసారి ఇద్దరిదీ నిజం కాదు" అన్నాను. "ఒకళ్ళదే నిజం. అది దానిది. ఆటో పిలువు."

అతను మారు మాట్లాడకుండా పిలిచాడు.

కళ్ళ డాక్టరమ్మ చిటికె కళ్ళలో చుక్కలు వేసి, చాలాసేపు చూసి, దగ్గరివీ దూరానివీ రెండూ పిల్లకు మసకగానే ఉంటాయంది. పుట్టినప్పటి నుంచీ అంతే కాబట్టి లోకమే అలా ఉంటుందని పిల్ల అనుకుంటుంది, ఫలానాది కనబడలేదని చెప్పదంది. లావు అద్దాలు ఎప్పుడూ పెట్టుకుని ఉంటే చూపు మెల్లగా కుదురుకుంటుందట. ఈ వయసులో పట్టుకోవడమే మేలు, ముదిరాక కష్టమట. తర్వాత కాగితం మీద ఏదో రాస్తూ, మామూలుగా అడిగింది.

"బొమ్మలు వేస్తుందా? రంగులు గీత దాటిపోవడం, మొహాలకి కళ్ళూ ముక్కూ వేయకపోవడం లాంటివేమైనా చూశారా? మాకు చాలామంది పిల్లలు అలాగే దొరుకుతారు."

నేను చెల్లెల్ని దెప్పలేదు. జీవితంలో మొదటిసారి, దెప్పే అవకాశం ఉండి కూడా. మా చెల్లెలు చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. దాటేది డాక్టర్ అంది చివరికి. మరి ఏం చేశారు అని డాక్టరమ్మ తలెత్తింది.

"గీతల మీద జిగురు పోశాను."

డాక్టరమ్మకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమంది. మా చెల్లెలు మళ్ళీ చెప్పింది. ఎండితే గట్టులా తగులుతుందని, పిల్ల వేలు పెట్టుకుని వేసేదని, ఒక్కసారి కూడా దాటలేదని, హాళ్ళ నిండా జనాన్ని కూర్చోబెట్టి మాట్లాడే మనిషి మాట మాటకీ ఆగుతూ చెప్పింది. డాక్టరమ్మ కాగితం మీదికి తల దించుకుంది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

కళ్ళజోడు వచ్చిన రోజున చిటికెను అద్దాల షాపు నుంచి ఇంటికి తీసుకురావడానికి మా తల ప్రాణం తోకకొచ్చింది. ప్రతి గోడ దగ్గరా ఆగింది. ఇటుకకూ ఇటుకకూ మధ్య సందు చూసింది. ఎదురొచ్చిన ప్రతివాళ్ళ మొహంలోకీ తల ఎత్తి చూసింది, వాళ్ళు ఇబ్బంది పడేదాకా. లావు అద్దాల వెనక దాని కళ్ళు ఇంతింత కనబడుతున్నాయి. ఇంటికొచ్చాక నా గడ్డం కేసి చూసి, అక్కడ ఒక వెంట్రుక కూడా ఉందని చెప్పింది. సరే, చూపు వచ్చిందనుకున్నాను.

సాయంత్రం మా చెల్లెలు ఆ మూలకు వెళ్ళి, అచ్చు బొమ్మల కట్టా, జిగురు సీసా తీసి చెత్తబుట్టలో పడేసింది. క్రేయాన్ల పెట్టెను నేల మీద బోర్లించింది. వరస చెదిరింది. బల్ల మీద ఒక తెల్ల కాగితం పెట్టి, పిల్లను పిలవకుండా, దూరంగా గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. తర్వాత చిటికె తనంతట తనే వచ్చింది. కాగితం మీద వేలు పెట్టి ఒకసారి తడిమి చూసింది, అలవాటు కొద్దీ. తర్వాత వేలు తీసేసి, నల్ల క్రేయాన్ ఏరుకుని పెద్ద గుండ్రం చుట్టింది.

ఇది ఎవరని నేను అడిగాను. అమ్మ అంది. తల్లి మొహంలోకి చూసి, ఒక కన్ను వేసింది. మళ్ళీ చూసి రెండోది వేసింది. రెండు కళ్ళ మధ్య రెండు నిలువు గీతలు గీసింది. అవి మా చెల్లెలి కనుబొమల మధ్య ఎప్పుడూ ఉండే ముడతలు. పిల్ల వాటిని ఆ రోజే చూసింది. ముక్కు పెట్టింది. ముక్కు ఎక్కడో చెంప మీద పడింది.

అంతే, మా చెల్లెలి మెడ ముందుకు సాగింది. ముక్కు అక్కడ కాదని చెప్పడానికి నోరు తెరుచుకుంది. నేను కళ్ళెర్రజేసి చూశాను గాని ఆమె నన్ను చూస్తేగా. నాకంటే ముందు చిటికే చెయ్యెత్తింది.

"అమ్మా, నోరు కదపకు. నోరు గీస్తున్నా."

మా చెల్లెలు నోరు మూసుకుంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోవడానికి కూడా కదల్లేదు. పిల్ల కళ్ళజోడు పైకి తోసుకుని, తలెత్తి చూసి, నీలం క్రేయాన్ కోసం నేల మీద వెతకసాగింది.